ఎనిమిదిన్నర మగ్గం

తాళం వేసిన గది. లోపల మనిషి లేడు. మగ్గం కూడా లేదు. అయినా రాత్రి ఎనిమిదిన్నరకి లోపల్నుంచి మగ్గం నేస్తున్న చప్పుడు వస్తే... పిల్లలూ, నేస్తున్నది ఎవరు?

ఒకరి తర్వాత ఒకరు చెప్పండి. దెయ్యం, ఇద్దరు. ఎలుకలు, ఒకరు. "నాకు భయమేస్తోంది" అన్నది జవాబు కాదు బంగారం, ఇటొచ్చి నా పక్కన కూర్చో.

ఇది రెండువేల పదకొండులో సంగతి. సకల జనుల సమ్మె రోజులు. అప్పుడు మేము దిల్‌సుఖ్‌నగర్‌కీ ఎల్బీనగర్‌కీ నడుమ ఒక గల్లీలో ఉండేవాళ్ళం. బస్సులు లేవు. బడులు లేవు, టీచర్ని కాబట్టి నేనూ సమ్మెలోనే ఉన్నాను. బొగ్గు తవ్వేవాళ్ళు కూడా పని ఆపేశారు కాబట్టి కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. పొద్దు గూకితే గల్లీ మొత్తం చీకటి.

ఆ గల్లీ మలుపులో మల్లమ్మ ఇల్లు. పై అంతస్తులో మల్లమ్మ, ఆమె కొడుకు శ్రవణ్‌కుమార్ ఉండేవాళ్ళు. కింద గల్లీలోకి తలుపున్న ఒంటిగది ఒకటి ఉండేది. ఆ గదికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక దాని ముందునుంచి పోవాల్సి వస్తే జనం అవతలి గోడ వారగా నడిచేవాళ్ళు.

ఎందుకంటే... ఆ గది మధ్యలో ఒక గుంట ఉంది.

భయపడకండి. అది మగ్గం గుంట. నేత మనిషి నేల మీద, గుంట అంచున కూర్చుంటాడు. కాళ్ళు గుంటలోకి వదిలి కింద పలకలు తొక్కుతాడు. చేత్తో తాడు లాగితే, దారం కండె ఉన్న నాడె ఇటునుంచి అటు ఉరుకుతుంది. మల్లమ్మ భర్త సిద్ధిరాములు పోచంపల్లి నుంచి సిటీకి వచ్చేటప్పుడు మగ్గాన్ని వదల్లేక, కొత్తింటి గచ్చు పగలగొట్టించి మరీ గుంట తవ్వించుకున్నాడు. ఆయన పోయాక మగ్గం విప్పి చుట్టాలకి పంపారు. గుంటని పంపలేరు కదా. దాని మీద చెక్కలు కప్పి, గదికి తాళం వేశారు. శుక్రవారం శుక్రవారం మల్లమ్మ ఇంటి లోపలి తలుపు నుంచి వెళ్ళి ఆ చెక్కల మీద పసుపు కుంకుమ పెట్టి వచ్చేది.

ఎదురింట్లో కిరాయికి బాపిరాజు, వాళ్ళమ్మ హనుమాయమ్మ ఉండేవాళ్ళు. గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్ళు. బాపిరాజు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవాడు. హనుమాయమ్మ జన్మలో గుంట మగ్గం చూసి ఎరగదు. ఒకరోజు కిటికీలోంచి తొంగి చూసింది. గది నడుమ పొడుగాటి గుంట, పైన చెక్కలు, చెక్కల మీద పసుపు, కుంకుమ, రెండు బంతిపూలు. ఆ ఇంటి పెద్దాయన పోయి ఏడాది తిరగలేదు. ఆవిడ ఆ రెండూ కలుపుకుంది.

"అమ్మాయ్ కృష్ణకుమారీ... వాళ్ళాయన్ని ఇంట్లోనే పూడ్చి పెట్టుకున్నారే!" అంది నా చెవిలో.

నేను ఆవిడకి గుంట మగ్గం గురించి బొమ్మ గీసి పాఠం చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నది. చివర్లో, "నువ్వు బళ్ళో ఉండేదానివి, ఇలాంటివి నీకు చెప్పరులేమ్మా" అని ఓదార్చింది.

ఇక సోమవారం రాత్రి జరిగింది వినండి. ఇది బాపిరాజు నాకు చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను.

కోచింగ్ సెంటర్ వాళ్ళు షట్టరు సగం దించి క్లాసులు నడిపిస్తున్నారు. క్లాసు వదిలేసరికి ఎనిమిది. ఆటోలు లేవు. నడక. మెయిన్ రోడ్డు మీద టైర్లు కాల్చిన వాసన ఇంకా పోలేదు. గల్లీలోకి తిరిగాడు. కరెంటు లేదు. చేతిలో సెల్‌ఫోన్ లైటు. దాని వెలుతురు చెప్పుల దాకా వస్తుంది, అంతే.

మల్లమ్మ ఇంటి మలుపు దగ్గరికి వచ్చాడు.

టక్.

ఆగాడు.

టక్... చర్ర్... టక్. టక్... చర్ర్... టక్.

ఎక్కడినుంచో కాదు. ఆ గదిలోంచి. గదిలోంచి కూడా కాదు... గది నేల కిందినుంచి. ఫోన్ ఎత్తి తలుపు మీద లైటు వేశాడు. తాళం ఉంది. తాళం మీద దుమ్ము ఉంది. లోపల ఎవరో తీరిగ్గా, అలవాటైన చేతులతో నేస్తున్నారు.

బాపిరాజు లెక్కల మాస్టారు. లెక్క తేలకపోతే వదిలే మనిషి కాదు. తలుపుకి చెవి ఆనించాడు.

అప్పుడు లోపల్నుంచి... ఒక దగ్గు. పెద్దమనిషి దగ్గు.

ఏంటి? దెయ్యాలు దగ్గుతాయా అనా? బతికున్నప్పుడు రోజుకి రెండు కట్టల బీడీలు తాగితే దగ్గుతాయేమో. నాకు తెలియదు. మధ్యలో అడ్డం రాకండి.

బాపిరాజు ఇంటికి చేరేసరికి ఒక కాలికే చెప్పు ఉంది.

మంగళవారం తల్లీకొడుకులు వరండాలో కూర్చుని ఎదురుచూశారు. ఎనిమిదిన్నర... టక్. బుధవారం గల్లీలో సగం మంది విన్నారు. విన్నవాళ్ళెవరూ దగ్గరికి పోలేదు. అది దెయ్యమేనని కొందరు, ఎవరో చేయించిన బాణామతి అని కొందరు. హనుమాయమ్మ ఇంకో మెట్టు ఎక్కింది.

"మనల్ని పొమ్మని నోటితో చెప్పలేక, ఇలా చేయిస్తున్నారు. ఒకటో తారీఖుకి ఖాళీ చేసేద్దాం రా బాపీ. ప్రాణాలతో ఉంటే భీమవరంలో బతకొచ్చు."

ఈ మాట శ్రవణ్‌కుమార్ చెవిన పడింది. అతని బండి మీద జై తెలంగాణ అని రాసి ఉండేది. రోజూ ఎల్బీనగర్ చౌరస్తాలో దీక్షా శిబిరంలో కూర్చుని వచ్చేవాడు. ఆ రాత్రి మా ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"మేం అడిగింది మా రాష్ట్రం, టీచరమ్మా. ఎదురింటి ముసలమ్మను ఎల్లగొట్టమని ఎవలన్నరు? రేపు వీళ్ళు మూట గట్టుకొని పోతే, గా శ్రవణ్‌గాడు దయ్యాన్ని పెట్టి తరిమిండంటరు. గా గుంటనే లేకుంట చేస్త. సీతారాములు మేస్త్రీకి చెప్పిన. శుక్రారం పొద్దుగాల సిమెంటు పోసి సాపు చేస్తడు."

"మీ అమ్మ ఏమంది?"

"ఏమనలే."

గురువారం మధ్యాహ్నం మల్లమ్మ వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది. ఆమె గొంతు ఎప్పుడూ చిన్నదే, ఆరోజు ఇంకా చిన్నది.

"టీచరమ్మా... గుంట పూడిస్తే, ఆయన యాడ కూసుంటడు?"

లోపలికి రమ్మని పీట వేశాను. కూర్చోలేదు.

"మూడు దినాల సంది మెట్ల మీద కూసొని ఇంటున్న. అందరు బయపడుతుండ్రు గని నాకేం బయం? గా దగ్గు ఆయనదే. నువ్వొక మాట చెప్పు శ్రవణ్‌కు. నీ మాటింటడు. మగ్గం పాయె. డబ్బా సచ్చిపాయె. గిప్పుడు గుంట గూడ..."

డబ్బా.

పిల్లలూ, ఇక్కడ మీకు నేను చెప్పని విషయం ఒకటి ఉంది. డబ్బా అంటే పాటలు వినే చిన్న ప్లేయర్. అగ్గిపెట్టె అంత ఉంటుంది. ఫోన్లలో పాటలు రాకముందు శ్రవణ్ కొనుక్కున్నది. దాన్ని గుచ్చడానికి చిన్న స్పీకర్ పెట్టె కూడా ఉండేది, అందులో గుచ్చితే పాట పైకి వినిపిస్తుంది, ఛార్జింగ్ కూడా అవుతుంది. సిద్ధిరాములుకి మోకాళ్ళు పోయి ఇక పలకలు తొక్కలేనని తేలినరోజు, ఆయన చివరిసారి మగ్గం మీద కూర్చున్నప్పుడు, ఆ చప్పుడు శ్రవణ్ ఆ ప్లేయర్లో రికార్డు చేశాడు. ఆ చప్పుడు వినకపోతే ముసలాయనకి రోజు మొదలయ్యేది కాదట. ఆ రికార్డు ఇంకెక్కడా లేదు. అది ఒక్కటే.

ఆ ప్లేయర్ ఆ సోమవారమే పాడైంది. తెర మీద కంపెనీ గుర్తు వచ్చి, అక్కడే ఆగి, కాసేపటికి ఆ గుర్తు కూడా పోయింది. మల్లమ్మ దాన్ని పసిపిల్లని తెచ్చినట్టు కొంగులో చుట్టి నా దగ్గరికి తెచ్చింది. నా దగ్గరికే ఎందుకంటే, గల్లీలో వస్తువులతో వచ్చే కాగితాల పుస్తకం చదివే మనిషిని నేనొక్కదాన్నే.

చదివాను. అక్షరాలు ఆవగింజలంత ఉన్నాయి. పన్నెండో పేజీలో ఉంది: యంత్రం కదలకపోతే, వెనక ఉన్న సన్నటి రంధ్రంలో సూదిలాంటిది గుచ్చి పది సెకన్లు నొక్కాలి. నా చీర పిన్నీసు తీసి గుచ్చాను. పది లెక్కపెట్టాను. తెర వెలగలేదు. తర్వాతి పేజీలో ఉంది: అప్పటికీ తెర వెలగకపోతే కంప్యూటర్‌కి కలిపి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయాలి. అంతకుముందు నాలుగు గంటలు ఛార్జింగ్ పెట్టాలి. అప్‌డేట్ నడుమ కరెంటు పోతే యంత్రం ఇక ఎప్పటికీ పనికిరాదు.

గల్లీలో నాలుగు గంటలు ఆగకుండా కరెంటు ఉండే చోటు ఒకటే ఉంది. నేసేటప్పుడు లైటు పోకూడదని సిద్ధిరాములు పెట్టించుకున్న ఇన్వర్టర్. అది ఆ గదిలోనే ఉంది. మల్లమ్మ దగ్గర తాళంచెవి తీసుకుని, లోపలి తలుపు నుంచి వెళ్ళి, ప్లేయర్ని పెట్టెలో గుచ్చి ఛార్జింగ్ పెట్టాను. వైరు పొట్టిది. గోడకి పెట్టిన ప్లగ్గు నుంచి గుంట లోపలి మెట్టు దాకానే వచ్చింది. అక్కడే పెట్టి, ఎలుకలు కొరక్కుండా పైన చెక్క మూశాను. మంగళవారం నెట్ సెంటర్‌కి పోతే షట్టరు వేసుంది. బుధవారం పోయినా షట్టరే. సెంటర్ తెరిచేదాకా అక్కడే ఛార్జింగ్‌లో ఉండనిమ్మని ఊరుకున్నాను. మల్లమ్మ రోజూ అడిగేది. "తెర వెలగడం లేదమ్మా. చచ్చిపోయినట్టే" అని నేనే చెప్పాను. టీచరు చచ్చిపోయిందంటే గల్లీలో ఎవరు కాదంటారు?

గురువారం రాత్రి ఎనిమిదీ ఇరవై. బాపిరాజుని పిలిచాను. రానన్నాడు. మళ్ళీ పిలిచాను. వచ్చాడు.

కరెంటు లేదు. తాళం తీశాను. పాత నూలు వాసన, గంజి వాసన. మూలన ఇన్వర్టర్ ఎర్రలైటు, చీమ కన్నంత. ఇద్దరం గుంటకి ఈ పక్క నిలబడ్డాం.

"టీచర్‌గారండీ..." గుసగుసగా అన్నాడు. "ఒకవేళ నిజంగా ఆయనే అయితే?"

"నమస్కారం పెట్టండి. మీకంటే పెద్దాయన."

ఎనిమిదీ ఇరవై తొమ్మిది. బాపిరాజు ఊపిరి నాకు వినిపిస్తోంది. నా ఊపిరి అతనికి వినిపిస్తోందని నాకు తెలుసు.

ఎనిమిదిన్నర.

టక్.

మా కాళ్ళ ముందు చెక్కలు సన్నగా వణికాయి. టక్... చర్ర్... టక్. చప్పుడు గుంట నిండా నిండి, కుండలో మాట్లాడినట్టు పైకి వస్తోంది. బాపిరాజు రెండు చేతులూ జోడించేశాడు. నేను వంగి చెక్క పట్టుకున్నాను. నాకూ భయమేసింది, దాచుకోవడం ఎందుకు. ఒక్క గుంజు గుంజాను.

గుంట ఖాళీ. మెట్టు మీద స్పీకర్ పెట్టె. పెట్టె మీద అగ్గిపెట్టెంత ప్లేయర్, తెర నల్లగా, ఏమీ ఎరగనట్టు. అది నేస్తోంది. దాని పక్కన నా చీర పిన్నీసు.

పెట్టెలోంచి ప్లేయర్ ఊడబెరికాను. చప్పుడు ఆగిపోయింది.

బాపిరాజు జోడించిన చేతులు అలాగే ఉన్నాయి. "ఇదేంటండి?" అన్నాడు.

"దెయ్యం" అన్నాను. "నేనే తెచ్చి పెట్టాను."

ఆ రాత్రి దీపం దగ్గర పుస్తకం మొత్తం చదివాను. ముందే చదవాల్సింది. ముప్పై ఒకటో పేజీలో అలారం గురించి ఉంది. పాటైనా రికార్డైనా, పెట్టిన టైముకి మోగుతుంది. శ్రవణ్‌ని అడిగితే నెత్తి కొట్టుకున్నాడు. నాయిన కోసం పొద్దున ఐదింటికి మగ్గం చప్పుడు మోగేలా తనే పెట్టాడు.

మరి ఐదింటికి మోగాల్సింది ఎనిమిదిన్నరకి ఎందుకు మోగింది? చెప్పండి. నేను పిన్నీసు గుచ్చింది సోమవారం మధ్యాహ్నం మూడున్నరకి. గుచ్చితే ప్లేయర్లో గడియారం సున్నా నుంచి మొదలవుతుంది. అంటే మన మూడున్నర దానికి అర్ధరాత్రి. దానికి ఐదు ఎప్పుడవుతుంది? మూడున్నరకి ఐదు కలపండి. వేళ్ళ మీద వద్దు, మనసులో. ఆఁ, ఎనిమిదిన్నర. పోయింది తెర ఒక్కటే. మిగతా అంతా బతికే ఉంది. తెర చూసి మనిషి పోయాడని చెప్పేసిన డాక్టర్ని నేను.

శుక్రవారం పొద్దున సీతారాములు మేస్త్రీ సిమెంటు బస్తాతో వస్తే, శ్రవణే ఎదురెళ్ళి చాయ్ తాగించి పంపేశాడు. ఆ బస్తా గుంటలో పడి ఉంటే ఆ రికార్డు కూడా దాని కిందే ఉండేది. బాపిరాజు వాళ్ళమ్మకి మొత్తం వివరించాడు. "సరే, ఖాళీ చెయ్యొద్దులే" అని ఆవిడ కట్టిన మూటలు విప్పింది. ఒక్క మూట మాత్రం విప్పలేదు. ఎందుకైనా మంచిదట.

నేను దిల్‌సుఖ్‌నగర్ నెట్ సెంటర్‌కి వెళ్ళాను. ఆరోజు షట్టరు తీసి ఉంది. సెల్లార్లో ఉండేది. పట్టాభి అనే ఆయన నడిపేవాడు.

"ఇంకా గిది వాడుతుండ్రా మేడమ్? మ్యూజియంల పెట్టుకోండ్రి" అన్నాడు ప్లేయర్ చూసి.

"ముందు ఇందులో ఉన్నది కంప్యూటర్‌లోకి ఎక్కించండి" అన్నాను. ఇది గుర్తుపెట్టుకోండి పిల్లలూ. ఏ అప్‌డేట్ అయినా మొదట లోపలున్నది బయటికి తీసి దాచుకోవాలి. దాచింది తెరిచి, విని, సరిగ్గా ఉందని తేలాకే తర్వాతి పని. ఒకటే ఫైలు. దాని పేరు 'నాయిన'. పట్టాభి దాన్ని రెండు చోట్ల దాచాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. మగ్గం ఉంది. దగ్గు ఉంది.

అప్పుడు అప్‌డేట్ మొదలుపెట్టాం. నలభై శాతం దగ్గర కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమని అరవడం మొదలుపెట్టింది.

"ఎంతసేపు ఆగుతుంది?"

"ఒక్కోసారి పది నిమిషాలు. ఒక్కోసారి ఆగదు."

వైరు ముట్టుకోలేదు. మౌస్ కదపలేదు. ఇద్దరం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. అరవై... ఎనభై... తొంభై తొమ్మిది. తొంభై తొమ్మిది దగ్గర చాలాసేపు ఆగింది. ముందురోజు గుంట దగ్గర కూడా నాకు అంత భయం వెయ్యలేదు.

తెర వెలిగింది. నీలంగా, చిన్నగా. దాచిన ఫైలు మళ్ళీ అందులోకి ఎక్కించాం. గడియారం సరిచేశాను. అలారం పొద్దున ఐదింటికి పెట్టాను. ఇంటికి వస్తూనే ప్లేయర్ మల్లమ్మ చేతిలో పెట్టి, తెర చూపించి, ఏ మీట ఏమిటో మూడుసార్లు చెప్పాను. ఆమె పెద్దగా సంతోషించినట్టు కనిపించలేదు. గుంట చెక్క తీసి, దాన్ని తీసుకెళ్ళి ఆ మెట్టు మీదే పెట్టింది.

ఆ రాత్రి ఎనిమిదిన్నరకి గల్లీ నిశ్శబ్దంగా ఉంది. తొమ్మిదింటికి మల్లమ్మ దీపం పట్టుకుని వచ్చింది.

"ఇయ్యాల నెయ్యలే టీచరమ్మా."

"ఇక పొద్దున ఐదింటికి మోగుతుందమ్మా. టైము సరిచేశాను."

"పొద్దుగాల నాకేం అక్కర? పొద్దుగాల నాకు పనుంటది. రాత్రి పూట ఒక్కదాన్నే కంచం ముందట పెట్టుకుంటె బుక్క లోపటికి పోతలేదు. గా చప్పుడింటే పోతది." దీపం వత్తి ఎగదోసింది. "నువ్వు గడియారం తప్పుగనే పెట్టు."

తప్పుగా పెట్టక్కర్లేదు, అలారాన్నే ఎనిమిదిన్నరకి మారుస్తానన్నాను. శనివారం మార్చాను. బాపిరాజు వాళ్ళకి కూడా చెప్పాను. "మా అమ్మకి సీరియల్ టైము తెలుస్తుందిలెండి" అన్నాడు.

ఆ రాత్రి సరిగ్గా మోగుతుందో లేదో చూద్దామని మెట్ల మీద మల్లమ్మ పక్కన కూర్చున్నాను. ఆమె ఒళ్ళో కంచం. ఎనిమిదిన్నర. టక్... చర్ర్... టక్. మల్లమ్మ మొదటి ముద్ద కలిపింది. దగ్గు వచ్చింది. రెండో ముద్ద నోట్లో పెట్టుకుంది. చప్పుడు ఆగిపోయింది.

మల్లమ్మ చెయ్యి కంచంలోనే ఆగింది.

"ఆపినవా?"

"లేదమ్మా. రికార్డు అయిపోయింది. అందులో ఉన్నది అంతే. ఒక నిమిషం ఆరు సెకన్లు. మోగేది ఒక్కసారే."

ఆమె నా మొహంలోకి చూసింది. కోపం లేదు. తప్పు లెక్క చేసిన పిల్లని నేను చూస్తానే, అలా చూసింది.

"గట్లెట్లయితది టీచరమ్మా? మూడు రాత్రులు నేను కంచెడన్నం తిని, గిన్నెలు తోమి, బోర్లిచ్చి, వాకిలి దగ్గరికేసిందాక నేసిండు గద."

మర్నాడు పుస్తకం మళ్ళీ తీశాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా. కంపెనీ అడ్రసు కూడా చదివాను. అలారం ఒక్కసారి కంటే ఎక్కువ మోగుతుందని ఎక్కడా లేదు.

ఊఁ, అంతే. ఇంకేం లేదు. ఇక నేను లేవాలి, అట్ల పిండి సగం రుబ్బి వదిలేశాను. గ్రైండర్ చప్పుడు వస్తే భయపడకండి, అది నేనే.